సమ్మతి అనే మాటకు మూడు అర్థాలు: బిట్‌కాయిన్ చీలికలపై రెండు గ్రంథాల పరిశీలన

వ్యాససంగ్రహం:

పాలకుడు లేని ద్రవ్యవ్యవస్థగా 2009లో మొదలైన బిట్‌కాయిన్, 'బ్లాక్ పరిమాణం' విషయమై తలెత్తిన వివాదంతో 2017లో రెండుగా చీలింది. చీలి బయటికి వెళ్లిన బిట్‌కాయిన్ క్యాష్ మరో మూడేళ్లలో ఇంకో రెండుసార్లు చీలింది. మొదటి వివాదాన్ని పరస్పర విరుద్ధమైన దృక్పథాలతో చెప్పిన రెండు ఆంగ్ల గ్రంథాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి జొనాథన్ బియర్ రచించిన 'ది బ్లాక్‌సైజ్ వార్' (2021), రోజర్ వేర్, స్టీవ్ ప్యాటర్సన్ కలిసి రచించిన 'హైజాకింగ్ బిట్‌కాయిన్' (2024). రెండు గ్రంథాలూ 'సమ్మతి' అన్న మాటను మూడు వేర్వేరు అర్థాల్లో వాడుతూ, ఆ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే సహకారం ఎందుకు కుదరలేదన్న ప్రశ్నకు దూరంగా నిలిచాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: బిట్‌కాయిన్, బిట్‌కాయిన్ క్యాష్, వికేంద్రీకరణ, సమ్మతి, చీలిక, ఉమ్మడి వనరులు, మూలపాఠం – వ్యాఖ్యానం.

1. ఉపోద్ఘాతం

బియర్ బిట్‌మెక్స్ సంస్థ పరిశోధన విభాగంలో పనిచేసినవాడు. వివాదకాలంలో జరిగిన సమావేశాలను దగ్గరగా చూసినవాడు. ఆయన సానుభూతి చిన్న బ్లాకుల పక్షానిది. వేర్ 2011 నుంచీ బిట్‌కాయిన్‌ను ప్రచారం చేసిన తొలితరం పెట్టుబడిదారు. పెద్ద బ్లాకుల పక్షానికి అందరికంటే బిగ్గరగా వినిపించిన గొంతు ఆయనది. కాబట్టి ఈ రెండు గ్రంథాలనూ తటస్థ చరిత్రలుగా చదవడం పొరపాటు. ఇవి ఒకే దావాలో వాది, ప్రతివాది దాఖలు చేసుకున్న పత్రాల వంటివి.

గ్రంథాల పేర్లలోనే వాటి వాదం ఉంది. 'వార్' అన్న మాట యుద్ధాన్ని, యుద్ధానికి విజేతను కోరుతుంది. బియర్ కథనం ఒక్కొక్క సమావేశాన్ని, ఒక్కొక్క ప్రతిపాదనను యుద్ధరంగంలో దండు కదలికలా వర్ణిస్తూ 2017 నవంబరుదాకా సాగి విజయంతో ముగుస్తుంది. 'హైజాకింగ్' అన్న మాటకు విమానం, దాన్ని న్యాయంగా నడపవలసిన చోదకుడు కావాలి. ఇక్కడొక చిక్కు ఉంది. బిట్‌కాయిన్‌కు చోదకుడే లేడన్నది దాని ప్రథమ ప్రతిజ్ఞ. చోదకుడు లేనిదాన్ని దారి మళ్లించారంటే, కనిపించని చోదకుడు ఒకడు ఉండేవాడని ఒప్పుకున్నట్టే. వేర్ గ్రంథంలో ఆ చోదకుడు సతోషి నకమోటో. ఆయన రాతల నుంచి ఉద్ధరణలను వరుసగా పేర్చి, అసలు ఉద్దేశం ఇదీ అని నిరూపించడమే ఆ గ్రంథం పద్ధతి.

2. ఒక పరిమితి, రెండు పఠనాలు

వివాదానికి మూలమైన విషయం చాలా చిన్నది. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ ఒక బహిరంగ ఖాతాపుస్తకంలో నమోదవుతాయి. ఆ పుస్తకంలో సుమారు పది నిమిషాలకు ఒక పుట చేరుతుంది. ఆ పుటనే బ్లాక్ అంటారు. పుటను చేర్చే హక్కు కోసం కంప్యూటర్ శక్తితో పోటీపడేవారు మైనర్లు. 2008 అక్టోబరు 31న వెలువడిన తొమ్మిది పుటల మూలపత్రంలో బ్లాకు ఎంత పెద్దదిగా ఉండాలన్న నియమం లేదు. 2010లో నకమోటోయే సాఫ్ట్‌వేర్‌లో ఒక మెగాబైటు పరిమితి పెట్టాడు. అవసరమైనప్పుడు దాన్ని ఎలా పెంచవచ్చో కూడా అదే ఏడాది క్లుప్తంగా సూచించాడు. 2011 తర్వాత ఆయన మౌనం వహించాడు. పరిమితి మాత్రం మిగిలిపోయింది. దాని వల్ల సెకనుకు ఏడు లావాదేవీలకు మించి నమోదు కావడం కష్టం.

వాడకం పెరిగి బ్లాకులు నిండుతున్నకొద్దీ, ఎక్కువ రుసుము చెల్లించినవారికే ముందుగా చోటు దొరికింది. 2017 డిసెంబరులో ఒక్క లావాదేవీకి సగటు రుసుము 50 డాలర్లు దాటింది. మధ్యవర్తుల ఖర్చు వల్ల చిన్న మొత్తాల చెల్లింపులు సాధ్యపడటం లేదన్నది మూలపత్రం తొలి పేరాల్లోని ఫిర్యాదు. పదేళ్లు తిరగకముందే అదే ఫిర్యాదు ఆ పత్రం పుట్టించిన వ్యవస్థ మీదికి వచ్చింది. వేర్ గ్రంథానికి బలం ఇక్కడ ఉంది. పత్రం శీర్షికలోనే 'ఎలక్ట్రానిక్ నగదు' అన్న మాట ఉండగా, దాన్ని 'డిజిటల్ బంగారం'గా మార్చి చెప్పడం వ్యాఖ్యానం కాదు, పాఠాంతరం అని ఆయన వాదం.

బియర్ పక్షానికీ అంతే బలమైన ఆధారం ఉంది. బ్లాకులు పెద్దవైతే ఖాతాపుస్తకం మొత్తాన్ని ఇంటి కంప్యూటర్‌లో ఉంచుకొని స్వయంగా సరిచూసుకోవడం సామాన్యుడికి భారమవుతుంది. సరిచూసే పని క్రమంగా కొద్దిమంది పెద్ద సంస్థల చేతుల్లోకి వెళుతుంది. అప్పుడు ఎవరినీ నమ్మనవసరం లేదన్న మూలసూత్రమే పోతుంది. రుసుము తక్కువగా ఉండి ఎవరో ఒకరిని నమ్మవలసి రావడం మేలా, రుసుము ఎక్కువైనా ఎవరినీ నమ్మనవసరం లేకపోవడం మేలా అన్నది నిజమైన ప్రశ్న. దానికి సాంకేతికమైన జవాబు లేదు.

ఒకే సూత్రగ్రంథం మీద పరస్పరం ఖండించుకునే భాష్యాలు పుట్టడం భారతీయ పాఠకులకు కొత్త కాదు. ఇక్కడ తేడా ఏమిటంటే భాష్యం సాఫ్ట్‌వేర్‌గా నడుస్తుంది. ఇద్దరు భాష్యకారులు ఏకీభవించకపోతే మరునాటికి రెండు ఖాతాపుస్తకాలు ఉంటాయి.

మూలపత్రంలోని 'నోడ్' అన్న మాట ఈ భేదానికి చక్కని ఉదాహరణ. 2008లో నోడ్ అంటే లావాదేవీలను సరిచూసే కంప్యూటరే, బ్లాకులను తయారుచేసే కంప్యూటరూ అదే. ఒక ప్రాసెసర్‌కు ఒక ఓటు అన్న భావన ఆ ఏకత్వం మీద నిలిచింది. తర్వాత మైనింగ్ కోసం ప్రత్యేక యంత్రాలు వచ్చాయి. బ్లాకులు తయారుచేయడం పెద్ద కర్మాగారాల పని అయింది, సరిచూడటం ఇళ్లలోనూ సాగింది. మాట ఒకటే మిగిలింది గాని దాని అర్థం రెండు ముక్కలైంది. మైనర్లే నోడ్లు, కాబట్టి నిర్ణయం వారిదని ఒక పక్షం చదివింది. సరిచూసే నోడ్లు నడిపే వినియోగదారులదే తుదిమాట అని రెండో పక్షం చదివింది. పత్రంలో రెండింటికీ ఆధారం దొరుకుతుంది. పత్రం రాసిన నాటికి ఆ రెండూ వేరుపడనే లేదు. ఈ సంగతిని గుర్తించి ఉంటే వేర్ ఉద్ధరణల వరుసకు అంత నిశ్చయత్వం ఉండేది కాదు, బియర్ విజయగీతానికి అంత స్వరం ఉండేది కాదు.

3. యంత్రసమ్మతి, నిపుణసమ్మతి, జనసమ్మతి

వివాదకాలంలో ఇరుపక్షాలూ నిత్యం వాడిన మాట 'కన్సెన్సస్'. తెలుగులో దీన్ని ఏకాభిప్రాయం అనడం వాడుక. కాని ఇక్కడ అభిప్రాయం లేని యంత్రాలకు కూడా ఆ మాట వర్తిస్తుంది కాబట్టి 'సమ్మతి' అనడం మేలు. రెండు గ్రంథాల్లోనూ ఈ మాట మూడు అర్థాల మధ్య తిరుగాడుతుంది.

మొదటిది యంత్రసమ్మతి. ఒకే నియమాలను పాటించే కంప్యూటర్లు ఎవరి ఆజ్ఞా లేకుండా ఒకే ఖాతాపుస్తకానికి చేరుకోవడం. నకమోటో కనిపెట్టింది దీన్నే. అది అద్భుతంగా పనిచేసింది. అయితే అది నియమాలు ముందే కుదిరాయని అనుకొని మొదలవుతుంది. ఏ నియమాలు ఉండాలన్నది అది చెప్పలేదు.

రెండోది నిపుణసమ్మతి. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే సంస్థల్లో 'స్థూల సమ్మతి' అన్న సంప్రదాయం చాలాకాలంగా ఉంది. అక్కడ ఓట్లు లెక్కించరు. అభ్యంతరాలను ఒక్కొక్కటిగా విచారిస్తారు. కాని అక్కడ సమ్మతి కుదిరిందో లేదో ప్రకటించడానికి ఒక అధ్యక్షుడు ఉంటాడు. బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ నిర్వహణను గావిన్ ఆండ్రీసన్ 2014లో వ్లాదిమిర్ వాన్ డెర్ లాన్‌కు అప్పగించిన తర్వాత, వివాదాస్పదమైన మార్పును చేర్చకపోవడమే ధర్మమన్న ఆచారం స్థిరపడింది. అధ్యక్షుడు లేని స్థూల సమ్మతి ఆచరణలో ప్రతి గట్టి అభ్యంతరానికీ నిషేధాధికారం ఇస్తుంది. యథాస్థితి కోరేవారికి అది కోట గోడ, మార్పు కోరేవారికి మూసిన తలుపు.

మూడోది జనసమ్మతి. నాణేలు దాచుకున్నవారు, వ్యాపారులు, ఎక్స్‌చేంజులు, వాడుకదారులు ఏమనుకుంటున్నారన్నది. దీన్ని కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. మైనర్లు తాము తయారుచేసిన బ్లాకుల్లో సంకేతం ఉంచవచ్చు గాని అది యంత్రబలాన్ని లెక్కిస్తుంది. 2017లో బిట్‌ఫినెక్స్ ఎక్స్‌చేంజ్‌లో, జరగబోయే చీలికలోని రెండు నాణేలకూ ముందస్తు టోకెన్లు అమ్మకానికి వచ్చాయి. ధరల తేడా జనాభిప్రాయంగా చెలామణి అయింది. అది కూడా ధనబలాన్నే లెక్కిస్తుంది. 50 డాలర్ల రుసుము భరించలేక వాడటం మానేసినవాడి ఓటు ఏ లెక్కలోకీ రాలేదు.

ఈ మూడింటినీ కలిపేయడం వల్ల ప్రతి పక్షమూ తనకు అనుకూలమైనదాన్నే అసలు సమ్మతి అనగలిగింది. బియర్ వినియోగదారుల విజయం అన్నప్పుడు ఆయన చూపేది చాలావరకు నిపుణసమ్మతి నిలబడటం. వేర్ జనం కోరిక అన్నప్పుడు ఆయన చూపేది చాలావరకు సంస్థల, మైనర్ల సంతకాలు.

4. నిలవని ఒప్పందాలు

2015 ఆగస్టులో మైక్ హెర్న్, ఆండ్రీసన్ కలిసి బిట్‌కాయిన్ ఎక్స్‌టీ అన్న వేరు సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. ఎనిమిది మెగాబైట్లతో మొదలై రెండేళ్లకోసారి రెట్టింపయ్యే పరిమితి అందులో ఉంది. మైనర్ల మద్దతు 75 శాతం చేరితే అమలయ్యేది. ఆ మద్దతు రాలేదు. 2016 జనవరిలో హెర్న్ ప్రయోగం విఫలమైందని ప్రకటించి వెళ్లిపోయాడు.

2016 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో జరిగిన చర్చల ఫలితం ఇంకా ఆసక్తికరం. చైనా మైనర్లు, కొందరు కోర్ డెవలపర్లు ఒక పత్రం మీద సంతకాలు చేశారు. సెగ్‌విట్ అనే మార్పు ముందు వస్తుంది, తర్వాత పరిమితి పెంచే సాఫ్ట్‌వేర్‌ను ఆ డెవలపర్లు సిద్ధం చేస్తారు అన్నది సారాంశం. సంతకం చేసిన డెవలపర్లు మిగిలిన డెవలపర్లకు ప్రతినిధులు కారు. ఎవరూ వారిని పంపలేదు, కాబట్టి వారి మాట ఎవరినీ కట్టిపడేయలేదు. ఎదుటివారే ముందు మాట తప్పారని ఇరుపక్షాలూ నమ్మాయి.

2017 మే 23న న్యూయార్క్‌లో కుదిరిన ఒప్పందం ఇదే లోపాన్ని మరింత పెద్ద ఎత్తున చూపింది. 22 దేశాలకు చెందిన 58 సంస్థలు, మైనింగ్ శక్తిలో 83 శాతానికి పైగా తమవైపు ఉన్నాయని ఆ ప్రకటన చెప్పుకుంది. సెగ్‌విట్ వెంటనే, ఆరు నెలల్లో రెండు మెగాబైట్ల పరిమితి అన్నది షరతు. ఈసారి డెవలపర్లు చాలావరకు లేరు. మరోవైపు, మారుపేరుతో రాసిన ఒక డెవలపర్ ప్రతిపాదన ఆధారంగా కొందరు వినియోగదారులు ఆగస్టు 1 నుంచి సెగ్‌విట్‌కు సంకేతం ఇవ్వని బ్లాకులను తమ నోడ్లు తిరస్కరిస్తాయని ప్రకటించారు. అదే ఆగస్టు 1న పెద్ద బ్లాకుల పక్షంలోని ఒక వర్గం ఎనిమిది మెగాబైట్లతో బిట్‌కాయిన్ క్యాష్‌గా వేరుపడింది. ఆగస్టు 24న సెగ్‌విట్ అమలులోకి వచ్చింది. నవంబరు 8న ఒప్పందంలోని రెండో సగాన్ని, చాలినంత సమ్మతి లేదన్న కారణం చూపి, నిర్వాహకులే విరమించుకున్నారు.

రాజీకి రెండు భాగాలు ఉన్నప్పుడు, మొదటి భాగం పొందినవాడికి రెండో భాగం ఇవ్వవలసిన ఒత్తిడి ఏదీ లేకపోతే ఆ రాజీ సగంలోనే నిలిచిపోతుంది. బియర్ దీన్ని రహస్య గదుల ఒప్పందాలకు తగిన శాస్తిగా చూస్తాడు. వేర్ దీన్ని ద్రోహంగా చూస్తాడు. హామీకి పూచీపడే వ్యవస్థే లేదన్న సాదా కారణం ఇద్దరి దృష్టిలోనూ మసకబారింది.

5. చీలినవారి చీలికలు

రెండు గ్రంథాలకూ అసలు పరీక్ష 2017 తర్వాతి చరిత్ర. బియర్ కథ విజయంతో ముగుస్తుంది కాబట్టి అది ఆయన పరిధికి దాదాపు బయటిది. వేర్ పుస్తకం 2024లో వచ్చినా దాని బరువంతా మొదటి చీలిక మీదనే ఉంది. ఈ అసమతౌల్యం చిన్న లోపం కాదు. దోషమంతా కోర్ డెవలపర్లదే అయితే, వారు లేని బిట్‌కాయిన్ క్యాష్‌లో సహకారం వర్ధిల్లాలి. జరిగింది అది కాదు.

2018 నవంబరు 15న బిట్‌కాయిన్ క్యాష్ రెండుగా చీలింది. ఒకవైపు అమోరీ సెషే నాయకత్వంలోని బిట్‌కాయిన్ ఏబీసీ సాఫ్ట్‌వేర్, మరోవైపు క్రెయిగ్ రైట్ వర్గం 128 మెగాబైట్ల పరిమితితో నడిపిన బిట్‌కాయిన్ ఎస్‌వీ. రైట్ తానే సతోషి నకమోటోనని చెప్పుకొంటూ ఎస్‌వీయే మూలకర్త దర్శనమని ప్రకటించాడు. మూలకర్త ఉద్దేశమే తుది ప్రమాణం అన్న వాదన ఎటు దారితీస్తుందో ఈ ఘట్టం చూపింది. ఉద్దేశమే ప్రమాణమైతే, ఉద్దేశం తనదేనని చెప్పుకునేవాడు ఒకడు రాక తప్పదు. రైట్ నకమోటో కాడని లండన్‌లోని హైకోర్టు 2024 మార్చిలో తేల్చింది. న్యాయస్థానాల అవసరం లేని డబ్బు కోసం పుట్టిన సమాజం, తన మూలకర్త ఎవరు కాదో తెలుసుకోవడానికి న్యాయస్థానానికే వెళ్లవలసి వచ్చింది.

2020లోని చీలిక నాటకీయత తక్కువైనా ఆలోచనకు ఎక్కువ పదార్థం ఇస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను రాసి కాపాడేవారికి జీతం ఎవరివ్వాలన్నది ప్రశ్న. ఆ ఏడాది జనవరిలో బీటీసీ.టాప్ మైనింగ్ సంస్థ అధిపతి జియాంగ్ ఝువోర్, బ్లాకు బహుమానంలో 12.5 శాతాన్ని ఆరు నెలలపాటు అభివృద్ధి నిధికి మళ్లించాలని ప్రతిపాదించాడు. పన్ను అన్న మాట వినపడగానే వ్యతిరేకత లేచింది. ప్రతిపాదన వీగిపోయింది. ఆగస్టులో ఏబీసీ వర్గం ఎనిమిది శాతం నియమాన్ని నవంబరు నవీకరణలో చేర్చుతున్నట్టు ప్రకటించింది. అప్పటికి బహుమానం 6.25 నాణేలు. అంటే ఒక్క బ్లాకుకు అర నాణెం. దాన్ని నిరాకరించిన బిట్‌కాయిన్ క్యాష్ నోడ్ వర్గం వెనుక మైనర్లలో అత్యధికులు నిలిచారు. నవంబరు 15న మళ్లీ చీలిక. ఏబీసీ నాణెం మరుసటి ఏడాది ఈక్యాష్ అన్న పేరు పెట్టుకుంది.

అర నాణెం కోసం చీలారనడం వారికి అన్యాయం చేయడమే. నిధి వద్దని అన్నవారిలో చాలామంది డెవలపర్లకు డబ్బు ఇవ్వాలనే అన్నారు. ఆ నిధి ఎవరి చేతిలో ఉండాలి, లెక్క ఎవరికి చెప్పాలి అన్నచోటే ఆగిపోయారు. బిట్‌కాయిన్‌లో ఏ ప్రశ్న మీద విడిపోయారో అదే ప్రశ్న ఇక్కడా మిగిలింది.

6. కర్నూలు కాలువల సాక్ష్యం

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రకటించిన గ్రంథంలో, అసంతృప్తి చెందిన సభ్యుడికి ఉండే రెండు మార్గాలను చర్చించాడు: నోరువిప్పి అడగడం, విడిచి వెళ్లడం. వెళ్లడం సులభమైనచోట అడిగే గొంతు సన్నగిల్లుతుందని ఆయన విశ్లేషణ. బిట్‌కాయిన్‌లో వెళ్లడం అసాధారణంగా సులభం. సాఫ్ట్‌వేర్‌నూ, అప్పటిదాకా ఉన్న ఖాతాపుస్తకాన్నీ యథాతథంగా నకలు తీసుకొని వెళ్లవచ్చు. పాత నాణేలున్న ప్రతివారికీ కొత్తదానిలోనూ అన్నే నాణేలు వస్తాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ తెలుగునేల మీదనే ఉంది. రాబర్ట్ వేడ్ 1988లో ప్రచురించిన 'విలేజ్ రిపబ్లిక్స్' కర్నూలు జిల్లా కాలువ గ్రామాల అధ్యయనం. ఉమ్మడి వనరుల మీద ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన గ్రంథంతో కలిపి చదవవలసినది. కాలువ చివర ఉండి నీళ్లు అందుతాయో లేదో తెలియని గ్రామాలు ప్రభుత్వ పంచాయతీతో సంబంధం లేని సొంత సభను, ఉమ్మడి నిధిని ఏర్పరచుకున్నాయి. పొలాలకు నీళ్లు పంచేవారికీ, పంటను పశువుల నుంచి కాపాడే కాపలావారికీ జీతాలిచ్చాయి. కోతల తర్వాత పొలాల్లో గొర్రెల మందలు మేపుకునే హక్కును అమ్మడం నిధికి ఒక రాబడి. ఎగువన నీటికి కొదవలేని గ్రామాల్లో ఇటువంటి ఏర్పాటు అంతగా కనిపించలేదు.

ఆ సభలను ఆదర్శంగా చూపడం తగదు. వాటిలో పెద్ద భూస్వాములదే పైచేయి అని వేడ్ దాచలేదు. అయినా ఒక మాట గమనించదగినది. కాలువ చివరి రైతు కాలువను నకలు తీసుకొని మరోచోట పెట్టుకోలేడు. పొరుగువాడితో తగవు తెగకపోయినా వచ్చే తడికి అతనితోనే కూర్చోవాలి. అందుకే తగవు తీర్చే చోటు ఒకటి ఏర్పడింది, కాపలావాడి జీతానికి నిధి ఏర్పడింది. బిట్‌కాయిన్ క్యాష్ 2020లో నిలుపుకోలేనివి సరిగ్గా ఈ రెండే.

నకలు తీయగలిగేది సాఫ్ట్‌వేర్‌నూ ఖాతానూ మాత్రమే. పేరు నకలు కాదు, వ్యాపారుల అలవాటు నకలు కాదు, మైనింగ్ శక్తి అసలే కాదు. బిట్‌కాయిన్, బిట్‌కాయిన్ క్యాష్, ఎస్‌వీ మూడూ ఒకే రకం మైనింగ్ యంత్రాల మీద నడుస్తాయి. ఆ యంత్రాలు లాభం ఎటుంటే అటు మళ్లుతాయి. చిన్న పాయకు కావలి తగ్గుతుంది, పెద్ద పాయలోని వారు తలచుకుంటే దాడి చేయగల స్థితి వస్తుంది. విడిపోయినా ఒకే కాలువ మీద ఉన్నారన్నమాట. ఒకే తేడా, కూర్చొని మాట్లాడుకునే సభ లేదు.

బియర్ గ్రంథం నియమాలు మార్చడం ఎంత కష్టమో చూపి అదే బిట్‌కాయిన్ భద్రత అంటుంది. వేర్ గ్రంథం నియమాలు మార్చనివ్వనివారు ఎవరో పేర్లతో చూపుతుంది. నియమం మారవలసి వచ్చినప్పుడు ఎవరి అభ్యంతరాన్ని ఎవరు విని, ఎప్పటిలోగా తేల్చాలన్న విచారణ ఈ రెండు గ్రంథాలలోనూ ఒక అధ్యాయానికి నోచుకోలేదు. 2017 డిసెంబరులో 20 డాలర్లు పంపడానికి 50 డాలర్ల రుసుము చూసి వెనుదిరిగిన వాడుకదారుకు కావలసిన అధ్యాయం అదే.